నెగెటివ్‌ల మీది మురికికి ఏ ద్రావణి?

పాత నెగెటివ్‌లను స్కాన్ చేద్దామని పెట్టె తెరిచిన ప్రతి ఒక్కరూ ముందుగా అడిగే ప్రశ్న, వీటిని దేనితో తుడవాలన్నదే. జవాబుగా ఒక సీసా పేరు చెప్పి ఊరుకోవడం సులువు, చాలామంది చేసేదీ అదే. కాకినాడలో మా పెదనాన్నగారు నడిపిన స్టూడియో మూతపడిన తరువాత అక్కడి నెగెటివ్‌ల పెట్టెలు నా దగ్గరికి చేరాయి. వాటిని శుభ్రం చేసి స్కాన్ చేసే పని ఇప్పటికీ సాగుతూనే ఉంది. ఆ పనిలో నేను స్థిరపరచుకున్న పద్ధతి ఏమిటంటే, ఫిల్ము ఏ రకానిదో, దాని మీద పట్టినది ఏ మురికో తేలేదాకా ఏ సీసా మూతా తీయకూడదు. ఆ రెండూ తేలాక చూస్తే చాలా నెగెటివ్‌లకు ద్రావణితో, అంటే జిడ్డును కరిగించి తీసుకుపోయే ద్రవంతో, పనే ఉండదు. పని ఉన్నవాటికి కూడా ఇంట్లో ఉంచుకోదగినవి రెండే ద్రవాలు: నీరు కలపని ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పెట్రోలియం జాతికి చెందిన హెప్టేన్. మిగిలిన పేర్లను ఎందుకు పక్కన పెట్టానో చెప్పడమే ఇక్కడ నా ఉద్దేశం.

ముందు ఫిల్ము నిర్మాణం చూద్దాం. అడుగున ప్లాస్టిక్ బేస్, దాని మీద జిలాటిన్ పొర, ఆ జిలాటిన్‌లో చిక్కుకుని ఉన్న వెండి రేణువులు ఉంటాయి. కలర్ ఫిల్ములోనైతే ప్రాసెసింగ్ పూర్తయ్యేసరికి వెండి అంతా వెళ్ళిపోయి రంగు ద్రవ్యాలు మాత్రమే మిగులుతాయి. ద్రావణి వీటిలో దేనినీ ముట్టకుండా, పైన పట్టిన జిడ్డును మాత్రమే తీసుకుపోవాలి, తాను ఆరిపోయాక ఏ మరకా వదలకూడదు. జిలాటిన్ నీటిని పీల్చి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఆ స్థితిలో గోరు తగిలినా గీత పడుతుంది. నీరు లేని ఆల్కహాల్‌లో గాని, పెట్రోలియం జాతి ద్రావణుల్లో గాని అది కరగదు, ఉబ్బదు. అందువల్ల జిలాటిన్ విషయంలో మనకు ప్రధాన శత్రువు నీరే. బేస్ సంగతి వేరు. నీటికి చలించని బేస్ కొన్ని ద్రావణులు తగలగానే జిగురుగా మారిపోతుంది.

బేస్‌లు మూడు రకాలు. మొదటిది సెల్యులోజ్ నైట్రేట్, త్వరగా అంటుకుని, అంటుకున్నాక నీళ్ళలో ముంచినా ఆరని పదార్థం. కొడాక్ దాని తయారీని 1951లో ఆపేసింది. 2003 జనవరిలో పుణెలోని జాతీయ ఫిల్ము భాండాగారానికి చెందిన నైట్రేట్ ఫిల్ములు అగ్నిప్రమాదంలో బూడిదైన సంగతి సినిమా చరిత్ర చదివేవారికి గుర్తుండే ఉంటుంది. 1950లకు ముందరి నెగెటివ్ చేతికి వచ్చి, దాని అంచున సేఫ్టీ అన్న ఇంగ్లీషు అక్షరాలు లేకపోతే, దాన్ని ఇంట్లో ఏ ద్రావణితోనూ తుడవకుండా విడిగా ఉంచి, తెలిసినవారికి చూపించడమే మంచిది. రెండవది అసిటేట్. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ఇందు, తూర్పు జర్మనీ నుంచి వచ్చిన ఓర్వో మన స్టూడియోలను ఏలిన కాలంలో వాడుకలో ఉన్న రోల్ ఫిల్ములు దాదాపుగా ఈ కోవకు చెందినవే, ఇప్పటి 35 మిల్లీమీటర్ల ఫిల్ముల్లో ఎక్కువ భాగం కూడా ఇదే. మూడవది పాలిఎస్టర్, ఎక్స్‌రే ఫిల్ములు, 1990ల తరువాతి సినిమా ప్రింట్లు దీని మీద తయారయ్యాయి. చుట్టగా ఉన్న ఫిల్మును దీపానికి ఎదురుగా పక్కనుంచి చూసినప్పుడు కాంతి చుట్టల గుండా ఇవతలికి వస్తే అది పాలిఎస్టర్, నల్లగా కనిపిస్తే అసిటేట్. పాలిఎస్టర్‌ను కదిలించగల ద్రావణులు మనకు దొరికేవాటిలో దాదాపు లేవు కాబట్టి, జాగ్రత్త అంతా అసిటేట్ గురించే.

ఇక మురికి. దుమ్ముకు ద్రావణి అక్కరలేదు. రబ్బరు బల్బుతో గాలి ఊది, మెత్తని వెంట్రుకల బ్రష్‌తో పొడవునా ఒకసారి తోస్తే పోతుంది. పొడి దుమ్ము ఉండగానే తడిగుడ్డ వేస్తే ఆ రేణువులే ఉప్పుకాగితంలా పనిచేసి పొడవాటి గీతలు మిగులుస్తాయి. ఏ ద్రవం వాడినా, వాడకపోయినా గాలి ఊదడం మాత్రం తప్పనిసరి మొదటి మెట్టు. కలర్ నెగెటివ్‌లకైతే మిగిలిన కొద్దిపాటి దుమ్మును స్కానర్‌లోని పరారుణ కాంతి గుర్తుపట్టి సరిచేస్తుంది. ఆ ఏర్పాటు బ్లాక్ అండ్ వైట్‌కు పనికిరాదు, ఎందుకంటే వెండి రేణువులు పరారుణ కాంతిని కూడా అడ్డుకోవడం వల్ల బొమ్మే దుమ్ములా కనిపిస్తుంది. స్టూడియో నెగెటివ్‌లను చేత్తో శుభ్రం చేయక తప్పకపోవడానికి అసలు కారణం ఇదే.

తరువాతది వేలిముద్ర. అందులో నూనె, ఉప్పు రెండూ ఉంటాయి. నూనెను ద్రావణి తీస్తుంది. చెమటలోని ఉప్పు ఆల్కహాల్‌కు, హెప్టేన్‌కు కూడా లొంగదు. ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయిన వేలిముద్ర జిలాటిన్‌ను తినేసి గుంట చేస్తుంది, అప్పుడిక తుడవడానికి అక్కడ మురికంటూ ఏమీ మిగిలి ఉండదు. మన ఇళ్ళ నెగెటివ్‌ల మీద ఎక్కువగా కనిపించే జిడ్డు తలనూనె. కొబ్బరినూనె హెప్టేన్‌లో ఇట్టే కరుగుతుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు కొంచెం మొండికేస్తుంది. ఆముదం మాత్రం ఇందుకు పూర్తిగా ఎదురు: ఆల్కహాల్‌లో సులువుగా కలిసిపోతుంది గాని, పెట్రోలియం ద్రావణుల్లో సరిగా కరగదు. ఒక కుటుంబం నెగెటివ్‌లను ఒకే సీసాతో తుడిచినప్పుడు కొన్ని శుభ్రపడి, కొన్ని అలాగే ఉండిపోతే, ఆ ఇంట్లో పెద్దవాళ్ళు తలకు ఏం రాసుకునేవారో ఆలోచించడం వృథా శ్రమేమీ కాదు.

సెల్లోటేప్ అంటించిన చోట మిగిలిన రబ్బరు బంకకు హెప్టేన్ మంచి మందు. బంక పసుపు రంగుకు తిరిగి, ఎండి పెంకు కట్టి ఉంటే మాత్రం ఒకేసారి పోదు. కొద్దికొద్దిగా, ఓపికగా తీయాలి. పీవీసీ కవర్లలో దాచిన నెగెటివ్‌ల మీద ఆ కవర్లను మెత్తగా ఉంచే తైలం దిగి, ఒక జిగట పొర ఏర్పడుతుంది. ఇది కూడా ద్రావణితో పోయే రకమే. బోరు నీటితో కడిగి ఆరవేసిన నెగెటివ్‌ల మీది తెల్లని మచ్చలు వేరే జాతివి. అవి నీటి కాఠిన్యం వల్ల మిగిలిన కాల్షియం లవణాలు. ప్రపంచంలో ఉన్న స్పిరిట్ అంతా తెచ్చి పోసినా అవి కరగవు. అంచుల వెంట నీలి మెరుపుగా కనిపించే వెండి పొరకు కూడా ద్రావణులతో సంబంధం లేదు. అది బొమ్మలోని వెండే ఆక్సీకరణ చెంది పైకి వచ్చి పేరుకున్నది, దాన్ని రుద్దడమంటే బొమ్మను రుద్దడమే.

మురికిలా కనిపిస్తూ మురికి కానిది ఒకటి ఉంది, స్టూడియో నెగెటివ్‌లు చేపట్టేవారు దాని గురించి ముందే తెలుసుకోవాలి. పెళ్ళికూతురి ముఖం ఉన్న నెగెటివ్‌ను లైట్ బాక్స్ మీద పెట్టి లూప్ అనే భూతద్దంతో చూస్తే, కళ్ళ కింద, బుగ్గల మీద, ముక్కు పక్కన వెంట్రుకకన్నా సన్నని పెన్సిల్ గీతలు, కామాల వంటి చిన్న చిన్న వంపులు వందలకొద్దీ కనిపిస్తాయి. చర్మం మీది మచ్చలను, ముడతలను ప్రింటులో కనిపించకుండా చేయడానికి రీటచింగ్ చేసేవారు నెగెటివ్ మీదనే ముక్కు చెక్కిన పెన్సిల్‌తో చేసిన పని అది. నున్నని జిలాటిన్ మీద పెన్సిల్ నిలవదు కాబట్టి, ముందుగా టర్పెంటైన్‌లో కరిగించిన బంక వంటి మీడియాన్ని పలుచగా పూసేవారు. చుట్టూ ఉన్న పరదాను తెల్లగా చూపించడానికి వెనుకవైపు ఎర్రని రంగుతో నింపేవారు. ఆ మీడియం ద్రావణిలో కరుగుతుంది, ఎర్రరంగు నీటిలో కరుగుతుంది. ఒక్క తుడుపుతో జిడ్డుతో పాటు ఆ చేతి పనితనం అంతా దూదికి అంటుకుని వచ్చేస్తుంది. మా పెట్టెల్లోని పోర్ట్రెయిట్ నెగెటివ్‌లలో రీటచింగ్ ఉన్నవాటిని నేను విడదీసి, గాలి ఊది మాత్రమే స్కాన్ చేస్తున్నాను. ఆ గీతల జాగ్రత్త చూస్తే, ముఖం మీద కాస్త దుమ్ము మచ్చలు మిగిలినా పరవాలేదనిపిస్తుంది.

పాత పుస్తకాలలోని సలహాల మాటకొస్తే, వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పేరు కార్బన్ టెట్రాక్లోరైడ్. ఫిల్ము వైపు నుంచి మాత్రమే చూస్తే దానికి వంక పెట్టలేం: జిడ్డును బాగా కరిగిస్తుంది, త్వరగా ఆరుతుంది, మంట అంటుకోదు, జిలాటిన్‌ను ముట్టదు. అంటుకోదు కాబట్టే ఒకప్పుడు దాన్ని మంటలార్పే పరికరాల్లోనూ నింపేవారు. అయితే దాని ఆవిరి కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. వేడి లోహం తగిలితే విచ్ఛిన్నమై ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఆల్కహాల్ దాని విషాన్ని మరింత పెంచుతుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఆవిరి ఉన్న గదిలో కూడా ఇదే జరుగుతుంది. రెండు సీసాలనూ ఒకే బల్ల మీద పెట్టుకుని పనిచేసిన పాతకాలపు డార్క్‌రూమ్‌లను తలచుకుంటే భయం వేస్తుంది. ఓజోన్ పొరకు కూడా అది శత్రువే కావడంతో 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం క్రమంలో దాన్ని వాడుక నుంచి తొలగించారు; మన వంటి దేశాలకు గడువు 2010 జనవరి. పాత స్టూడియోల అలమారాల్లో ఇంకా ఎక్కడైనా ఆ పేరున్న సీసా దొరికితే మూత తీసి వాసన చూడకుండా, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించాలి.

దాని తరువాత సినిమా ల్యాబుల క్లీనింగ్ యంత్రాలలోకి వచ్చినది 1,1,1-ట్రైక్లోరోఈథేన్. విషం తక్కువ, పనితనం ఎక్కువ. దానికీ ఓజోన్ తగాదాయే అడ్డం వచ్చి, సంపన్న దేశాల్లో 1996తో దాని కథ ముగిసింది. ల్యాబులు వాడిన మరో ద్రావణి సీఎఫ్‌సీ-113 కథ కూడా ఇదే. అక్కడినుంచి చాలా ల్యాబులు పెర్క్ అని పిలిచే పెర్‌క్లోరోఇథిలీన్ వైపు తిరిగాయి; డ్రై క్లీనింగ్ వారు వాడే ద్రవం ఇదే. దీని వక్రీభవన గుణకం, అంటే కాంతిని వంచే తీరు, ఫిల్ము బేస్‌కు బాగా దగ్గరగా ఉండటం వల్ల, ఫిల్మును అందులో తడిపి ప్రింటు తీసినా, స్కాన్ చేసినా బేస్ వైపు గీతలు కనిపించకుండా పోతాయి. తడిపినప్పుడు గీత పోయిందని సంబరపడి, ఆరాక మళ్ళీ కనిపించిందని దిగులుపడేవారికి ఇందులో సమాధానం ఉంది: ఏ ద్రావణీ గీతను మాన్పదు, నిండి ఉన్నంతసేపు దాన్ని కప్పిపెడుతుంది, అంతే. పెర్క్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థంగా, దాని చుట్టమైన ట్రైక్లోరోఇథిలీన్‌ను నిశ్చయంగా కలిగించే పదార్థంగా వర్గీకరించింది. 2024 డిసెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ ట్రైక్లోరోఇథిలీన్ వాడకాన్నే నిషేధిస్తూ, పెర్క్‌ను సాధారణ వినియోగదారులకు అందకుండా చేస్తూ నియమాలు ప్రకటించింది. మూసి ఉన్న యంత్రంలో, ఆవిరిని తిరిగి పట్టుకునే ఏర్పాటుతో వాడే ద్రవాన్ని పడకగదిలో దూదికి అద్దుకుని వాడటం పూర్తిగా వేరే పని. ల్యాబు వాడుతోంది కాబట్టి మనమూ వాడవచ్చన్న వాదన ఇక్కడే కూలిపోతుంది. వీటి స్థానంలో వచ్చిన ఫ్లోరినేటెడ్ ఈథర్‌లు మంట అంటుకోనివి, విషం తక్కువగలవి. కానీ ఖరీదు చాలా ఎక్కువ, పైగా 3ఎం సంస్థ తన ఫ్లోరో రసాయనాల తయారీని 2025 చివరికల్లా ఆపేస్తామని 2022లోనే ప్రకటించింది. వాటి మీద ఆశ పెట్టుకోవడంలో అర్థం లేదు.

ఇప్పుడు మన వీధిలో దొరికేవాటికి వద్దాం. గోళ్ళ రంగు తుడిచే ద్రవంలో ఉండే అసిటోన్ అసిటేట్ బేస్‌ను ఉబ్బించి, మెత్తబరచి, తెల్లగా పాలిపోయేలా చేస్తుంది. పాత అసిటేట్ రకాలనైతే ఏకంగా కరిగిస్తుంది. పెయింట్ షాపులోని థిన్నర్‌లో అసిటోన్‌తో పాటు టొలీన్, ఎస్టర్లు ఏ పాళ్ళలో కలిశాయో తయారీదారునికే ఎరుక. పెయింట్ ఊడదీసే ద్రవాలలోని డైక్లోరోమీథేన్ సంగతి చెప్పనే అక్కరలేదు, ట్రైఅసిటేట్ బేస్‌ను పలకలుగా పోయడానికి కర్మాగారంలో దాన్ని కరిగించేదే ఆ ద్రవంతో. పెట్రోలులో బెంజీన్ ఉంటుంది, కిరోసిన్ ఆరాక జిడ్డు మిగులుతుంది. మందుల షాపు స్పిరిట్‌లో నీరు కలిసి ఉంటుంది, తాగకుండా ఉండటానికి కలిపిన ఇతర పదార్థాలు ఏవో సీసాను బట్టి మారుతుంటాయి.

2020 తరువాత ప్రతి ఇంట్లోనూ చేరిన శానిటైజర్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అందులో ఉన్నదీ ఐసోప్రొపైల్ ఆల్కహాలే కదా అని అడిగేవారు చాలామంది ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో 75 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాటు 1.45 శాతం గ్లిజరిన్, 0.125 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, మిగిలినది నీరు. గ్లిజరిన్ ఆరదు, ఫిల్ము మీద జిగటగా ఉండిపోతుంది. పెరాక్సైడ్ వెండి బొమ్మను ఆక్సీకరించే పదార్థం. నీరు జిలాటిన్‌ను ఉబ్బిస్తుంది. చేతులకు మేలు చేయడానికి కలిపిన ప్రతి వస్తువూ నెగెటివ్‌కు కీడు చేసేదిగా తేలడం వింతే. ఆసుపత్రుల్లో వాడే 70 శాతం ఆల్కహాల్ సంగతీ ఇంతే. క్రిములను చంపడానికి ఆ 30 శాతం నీరు కావాలి, మనకు అదే నీరు వద్దు.

అందుకని కావలసినది 99 శాతానికి తక్కువ కాని ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మొబైల్ రిపేరు చేసేవారు ఐపీఏ అంటారు, హైదరాబాదులోనైతే కోఠి గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజారుల్లో ఆ పేరుతోనే అడగవచ్చు. అయితే పెద్ద డబ్బా నుంచి చిన్న సీసాలోకి వంచి ఇచ్చేది కొనవద్దని నా సలహా. ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో సీలు ఉన్న సీసా అడగండి. ఏఆర్ గ్రేడ్ (ల్యాబు పరీక్షలకు వాడే శుద్ధత) సీసా లేబుల్ మీద మలినాల పరిమితుల పట్టిక ఉంటుంది, అందులో మనం చూడవలసినవి రెండు వరుసలు: నీరు ఎంత, ఆవిరి కాకుండా మిగిలే పదార్థం ఎంత. రెండవ వరుసలో దశాంశ బిందువు తరువాత ఎన్ని సున్నాలుంటే అంత మంచిది. ఇంటికి తెచ్చాక గాజు స్లైడును గాని, శుభ్రమైన అద్దపు ముక్కను గాని తీసుకుని ఒక చుక్క వేయండి, దానంతట అది ఆరనివ్వండి, తరువాత టార్చి కాంతిని వాలుగా వేసి చూడండి. చుక్క అంచున సన్నని వలయం కనిపిస్తే ఆ సీసా నెగెటివ్‌లకు పనికిరాదు, టేప్ రికార్డర్ హెడ్లు తుడుచుకోవడానికి పనికొస్తుంది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం వంటి చోట్ల మూత సరిగా పెట్టని సీసా నాణ్యత నెలలు గడిచేకొద్దీ తగ్గుతూ పోతుంది. ఆ ఊళ్ళలో ఇంకొక చిక్కు కూడా ఉంది: వేగంగా ఆరే ద్రవం ఏదైనా ఆరుతూ ఆరుతూ ఫిల్మును చల్లబరుస్తుంది, ఉక్కపోత రోజున ఆ చల్లని ఉపరితలం మీద గాలిలోని తేమ మంచులా చేరి మచ్చ మిగులుతుంది. ద్రావణి మచ్చ వదిలిందని తిట్టుకునే సందర్భాల్లో కొన్ని నిజానికి ఈ నీటి మచ్చలే. వానాకాలపు సాయంత్రాలు ఈ పనికి తగవు. చలికాలం మధ్యాహ్నాలు మేలు. ఇంకొక మాట, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఫిల్మును నానబెట్టకూడదు. అసిటేట్ బేస్ పెళుసుబారకుండా తయారీలో కలిపే ట్రైఫినైల్ ఫాస్ఫేట్ వంటి పదార్థాలను ఆల్కహాల్ మెల్లగా లాగేస్తుంది, జిలాటిన్‌లో సహజంగా ఉండే తేమను కూడా లాగి ఫిల్మును చుట్టుకుపోయేలా చేస్తుంది. తుడిచి కొన్ని సెకన్లలో ఆరిపోయే స్పర్శకు ఈ భయం లేదు.

హెప్టేన్‌కు నీటితో పొత్తు లేదు, జిలాటిన్‌ను గాని, అసిటేట్‌ను గాని, కలర్ ఫిల్ములోని రంగులను గాని పట్టించుకోదు. ఫిల్ము మేలు ఒక్కటే చూస్తే ఇదే అన్నిటికన్నా సౌమ్యమైన ద్రావణి అంటాను. కొనేటప్పుడు మాత్రం పేరు జాగ్రత్తగా చదవాలి. షాపులో హెప్టేన్ లేదంటూ హెక్సేన్ గాని, పెట్రోలియం ఈథర్ గాని చేతిలో పెట్టే అవకాశం ఉంది. హెక్సేన్ శరీరంలోకి వెళ్ళి మారే పదార్థం కాళ్ళు, చేతుల నరాలను దెబ్బతీస్తుంది. రోజూ దాని ఆవిరి పీల్చిన కార్మికులు తిమ్మిర్లతో మొదలై నడక పోగొట్టుకున్న ఉదంతాలు వైద్య గ్రంథాలకు ఎక్కాయి. పెట్రోలియం ఈథర్‌లోనూ హెక్సేన్ ఉంటుంది. ఒక్క కర్బన పరమాణువు ఎక్కువగా ఉన్న హెప్టేన్‌కు ఆ గుణం లేదు, పైగా అది మరుగే ఉష్ణోగ్రత 98 డిగ్రీలు కావడంతో హెక్సేన్ కన్నా నిదానంగా ఆవిరవుతుంది. సిగరెట్ లైటర్లలో పోసే ద్రవం చాలామంది చెప్పే ప్రత్యామ్నాయం. అది నాఫ్తా అనే పెట్రోలియం ద్రవాల మిశ్రమం, అందులోని పాళ్ళు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి నేను దాని జోలికి పోను.

బూజు పట్టిన నెగెటివ్‌ల విషయంలో ఒకటే కఠిన నియమం: నీరు తగలనివ్వవద్దు. బూజుకు ఆహారం జిలాటినే. దాన్ని జీర్ణం చేసుకునే క్రమంలో అది జిలాటిన్‌ను నీటిలో కరిగే రూపానికి మార్చేస్తుంది. ఆ స్థితిలో కడిగితే బూజుతో పాటు బొమ్మ కూడా సింకులోకి పోతుంది. మాస్కు పెట్టుకుని, ఆరుబయట, మెత్తని బ్రష్‌తో పొడిగా దులపాలి. తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తేలికగా ఒకసారి తుడిస్తే పైపై పోగులు వస్తాయి. సాలెగూడులా లోపలికి తొలుచుకుపోయిన జాడలు రావు, వాటిని స్కాన్ తరువాత కంప్యూటర్లో సరిచేసుకోవలసిందే. గాలిలో తేమ 60 శాతం దాటిన చోట బూజు మళ్ళీ వస్తుంది, అందువల్ల తుడవడం కన్నా దాచే చోటు మార్చడం ముఖ్యం.

బూజు లేని, రీటచింగ్ లేని నెగెటివ్ మీద కాల్షియం మచ్చలు ఉంటే నీటితోనే పని. స్వేదనజలంలో నానబెట్టి, చివరగా ఫోటో-ఫ్లో వంటి తడిపే ద్రవం కొద్ది చుక్కలు కలిపిన నీటిలో ముంచి, దుమ్ము లేని చోట వేలాడదీయాలి. మొండి మచ్చలకు, డెవలపింగ్‌ను ఆపే స్టాప్ బాత్‌కు వాడే పలుచని అసిటిక్ ఆమ్లం ఉపయోగపడుతుంది. మే నెలలో మన డాబా ట్యాంకు నీరు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటుంది, ఆ వేడికి పాత జిలాటిన్ అంచుల నుంచి ముడతలుపడి లేచిపోతుంది. నీరు 24 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. కలర్ నెగెటివ్‌లను నీటిలో కడిగితే ప్రాసెసింగ్ చివర రంగులు నిలవడానికి ఇచ్చిన స్టెబిలైజర్ కూడా పోతుంది, మళ్ళీ ఆ బాత్ ఇవ్వగలిగితే తప్ప వాటిని తడపకపోవడమే మంచిది.

తుడిచే పద్ధతిలో చెప్పుకోవలసినవి కొన్నే. కాగితపు టిష్యూ వద్దు, పోగులు రాలని ఫోటో ప్యాడ్ గాని, మెత్తని పాత నూలుగుడ్డ ఉతికినది గాని వాడాలి. ముందు ఫిల్ము చివరన బొమ్మ లేని భాగం మీద దూదిపుల్లతో ఒక చుక్క వేసి రంగు దూదికి వస్తోందా, ఉపరితలం జిగురవుతోందా చూడాలి. ప్యాడ్ తడిగా ఉండాలి, కారకూడదు. మెరిసే బేస్ వైపు ముందు, మసకగా ఉండే జిలాటిన్ వైపు తరువాత, పొడవునా ఒకే దిశలో, నొక్కకుండా లాగాలి. గుండ్రంగా రుద్దడం కళ్ళద్దాలకు సరిపోతుందేమో గాని ఇక్కడ కాదు. ప్రతి స్ట్రిప్‌కు ప్యాడ్‌లో కొత్త చోటు వాడాలి. నైట్రైల్ గ్లవ్స్ వేసుకుంటే చర్మానికీ మంచిది, నెగెటివ్ మీద కొత్త వేలిముద్రలూ పడవు.

చివరిది ఇంటి భద్రత. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఆవిరి 12 డిగ్రీల దగ్గరే నిప్పు అందుకోగలదు, హెప్టేన్‌ది సున్నాకు దిగువనే. అంటే మన గదుల్లో ఏడాదిలో ఏ రోజైనా ఇవి అంటుకునే స్థితిలోనే ఉంటాయి. ఈ ఆవిర్లు గాలికన్నా బరువైనవి, నేల వెంబడి పాకి పక్కగదిలోని దీపాన్ని చేరుకోగలవు. దేవుడి మందిరంలో దీపం, అగరబత్తి, గ్యాస్ పొయ్యి ఏవీ వెలిగి ఉండకూడదు. కిటికీలు తెరిచి ఉండాలి. సీలింగ్ ఫ్యాన్ వేస్తే దుమ్మంతా తిరిగి ఫిల్ము మీదికే వస్తుంది కాబట్టి, కిటికీ వైపు తిప్పిన టేబుల్ ఫ్యాన్ మేలు, అదీ పనిచేసే చోటికి దూరంగా. బల్ల మీద నేను ఉంచుకునేది మూత ఉన్న చిన్న గాజు సీసాలో ఆ పూటకు సరిపడా ద్రవం మాత్రమే, పెద్ద సీసా వరండాలోని ఇనుప అలమారాలో ఉంటుంది. వేసవిలో చల్లగా ఉంటుందని దాన్ని ఫ్రిజ్‌లో పెట్టడం ప్రమాదం, లోపలి దీపం, థర్మోస్టాట్ టిక్కుమన్నప్పుడు పుట్టే నిప్పురవ్వ చాలు. వాడిన ప్యాడ్లను చెత్తబుట్టలో కుక్కకుండా ఆరుబయట నీడలో పూర్తిగా ఆరనిచ్చి పారేయాలి, మిగిలిన ద్రవాన్ని సింకులో పోయకూడదు. సీసాకు తెలుగులో పేరు రాసిన చీటీ, విషం అన్న గుర్తు, పిల్లల చేయి అందని ఎత్తు తప్పనిసరి. ముఖ్యంగా మంచినీళ్ళ సీసాలో పోసి పెట్టే అలవాటు మన ఇళ్ళలో ఎక్కువ, ఏ కొలతకైనా, ఎంత కొద్దిసేపటికైనా ఆ పని చేయవద్దు.